ఆరుగురు, 5 రోజులు, విమానంలో కాశీ: ఏం సర్దాలి, ఏం ఇంట్లోనే వదిలేయాలి

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి తెలియాలి కదా. ఖమ్మం నుంచి ఆరుగురు బయల్దేరుతున్నారు: 68 ఏళ్ల నాన్నగారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు, మీరిద్దరు, 7 ఏళ్ల పాప, 14 నెలల బాబు. సంక్రాంతి అయిన వారానికి శంషాబాద్ నుంచి కాశీ, 5 రోజులు. మీరు తప్ప ఎవరూ విమానం ఎక్కలేదు. అమ్మగారు కుడకలు, ఆవకాయ, నెయ్యి, సకినాలు అన్నీ తీసుకెళ్లాల్సిందే అంటున్నారు. నాన్నగారు వక్కల సంచి వదలరు. మీకేమో టెన్షన్.

మాది హన్మకొండలో చిన్న టికెట్ల ఆఫీసు. పన్నెండేళ్లుగా పెద్దవాళ్లున్న కుటుంబాలను కాశీకి పంపిస్తున్నాను, ఏడాదికి రెండుమూడు సార్లు నేనూ వెంట వెళ్తాను. అందులో నేర్చుకున్నదే రాస్తున్నాను.

చాలామంది బీరువా ముందు నిలబడి సర్దడం మొదలుపెడతారు. అక్కడ మొదలుపెడితే అన్నీ అవసరమే అనిపిస్తాయి. మీరు కాశీలో చివరి సందు దగ్గర మొదలుపెట్టండి. విమానం దిగేది బాబత్‌పూర్‌లో, ఊరికి సుమారు 25 కిలోమీటర్లు. కారు మిమ్మల్ని గోదౌలియా వైపో, సోనార్‌పురా వైపో మెయిన్‌రోడ్డు మీద దించేసి చేతులెత్తేస్తుంది. మీరు దిగేది ఆంధ్రాశ్రమం అయినా, కరివేన సత్రం అయినా, ఘాట్ పక్కన లాడ్జి అయినా, అక్కణ్ణుంచి నడకే. ఆ సందు వెడల్పు రెండు చేతులు బారజాపితే సరి. కింద రాతి పలకలు, వాటి మధ్య సందులు, మూడు నాలుగు మెట్లు, ఒక ఆవు, వెనక నుంచి హారన్ కొడుతూ ఒక బైకు. ఎయిర్‌పోర్టులో వెన్నలా జారిన నాలుగు చక్రాల పెద్ద సూట్‌కేసు అక్కడ పది గజాలు పోదు. పోయిన ఏడాది ఒకాయన 24 కిలోల సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని, కింద పేడ తొక్కకుండా చూసుకుంటూ నడిచిన నడక నాకింకా కళ్లముందే ఉంది.

కాబట్టి మొదటి లెక్క ఇది: ఆ సందులో బ్యాగులు మోయగలిగినవాళ్లు మీ ఆరుగురిలో ఎంతమంది? ఇద్దరు. అందులో ఒకరి చంకలో బాబు ఉంటాడు. టికెట్ ఎంత బరువు ఇచ్చిందన్నది రెండో లెక్క.

ఆ రెండో లెక్కా చూద్దాం. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కి ఎక్కువగా 15 కిలోల లగేజీ, చేతి బ్యాగు 7 కిలోలు. పాపకి పూర్తి టికెట్ కాబట్టి తనకీ 15 వస్తుంది. బాబు రెండేళ్లలోపు, ఒళ్లో కూర్చునే టికెట్, వాడికి విడిగా బరువు రాదనే అనుకోండి. అంటే మీకు 75 కిలోల దాకా హక్కుంది. వాడుకోకండి! 10, 11 కిలోల చొప్పున మూడు బ్యాగులు, వీలైతే రెండు పట్టీల బట్ట బ్యాగులు, చాలు. రెండు మీరు, ఒకటి కూలీ. లేదంటే బ్యాటరీ ఆటో ఎంతవరకు వస్తే అంతవరకు. టికెట్లన్నీ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే కౌంటర్లో మామూలుగా మొత్తం బరువు కలిపే చూస్తారు. కానీ తలకి ఒక బ్యాగే అనే రూలు కొన్ని ఎయిర్‌లైన్స్‌కి ఉంది, అందుకని చిన్నచిన్న సంచులు ఏడెనిమిది చేయకండి. ఇంట్లో తూకం లేకపోతే ఒంటి బరువు చూసుకునే మిషన్ మీద మీరు ఒకసారి, బ్యాగు పట్టుకుని ఒకసారి నిలబడండి. తేడాయే బ్యాగు బరువు. బరువు ఎక్కువైందని కౌంటర్ దగ్గర తేలితే కిలోకి వందల్లో కట్టాలి, లేదా అందరి ముందూ బ్యాగు విప్పి చీరలు అటూ ఇటూ మార్చాలి. రెండోదే ఎక్కువ బాధ.

ఒకరికొక బ్యాగు అని సర్దకండి. ప్రతి బ్యాగులోనూ అందరివీ తలా ఒకటి రెండు జతలు వేయండి. ఒక బ్యాగు రాకపోతే ఎవరో ఒకరే కట్టుబట్టలతో మిగిలిపోకుండా ఉంటారు.

ఇప్పుడు అమ్మగారి జాబితా. ఇక్కడే ఇళ్లలో గొడవలు.

కుడకలు ముందుగా తీసేయండి. విమానంలో ఎండు కొబ్బరి ఒప్పుకోరు, చేతి బ్యాగులోనూ కాదు, లగేజీలోనూ కాదు. అందులో నూనె ఎక్కువ, కుప్పగా ఉన్నప్పుడు దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉందని సరుకు రవాణా రూల్సులో ప్రమాదకరమైన వస్తువుల్లో పెట్టారు. అమ్మగారికి ఇదే చెప్పండి, రూలు అంటే ఒప్పుకోరు గానీ కారణం చెబితే వింటారు. ఒకసారి మా బ్యాచ్‌లో ఒకావిడ ఒడిబియ్యంలోకని డజను కుడకలు లగేజీలో పెట్టింది. బ్యాగు స్కానింగ్‌లో ఆగింది, ఆవిణ్ణి లోపలికి పిలిపించారు, పన్నెండూ అక్కడే వదిలేసి వచ్చింది. వస్తూ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పూజకి పచ్చి కొబ్బరికాయ కాశీలోనే దొరుకుతుంది.

కర్పూరం, అగ్గిపెట్టె, లైటర్: ఇవి కూడా ఏ బ్యాగులోనూ వద్దు. పూజ సామాను మూట కట్టేటప్పుడు కర్పూరం బిళ్లలు వాటంతట అవే వచ్చి చేరతాయి, ఆఖరి రోజు ఆ మూట మళ్లీ విప్పి చూడండి. పసుపు, కుంకుమ, వత్తులు, పొడి విభూతి లగేజీలో హాయిగా పోతాయి.

నాన్నగారి వక్కల సంచిలో అడకత్తెర ఉంటుంది కదా, దాన్ని తీసి లగేజీలో వేయండి. చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు, తిరిగి ఇవ్వరు. అది వాళ్ల నాన్న వాడిన అడకత్తెర అయితే ఇంట్లోనే పెట్టి, ఈ 5 రోజులకి కత్తిరించిన వక్కలు డబ్బాలో పోసి ఇవ్వండి. కత్తెర, కూరగాయల చాకు కూడా లగేజీలోకే.

ఆవకాయ. ఐదు రోజులకి ఆరుగురికి పావుకిలో చాలు, అది కూడా ఆశ్రమంలో మన భోజనమే పెడతారు కాబట్టి నోటి తృప్తికి. లగేజీలోనే వేయండి, చేతి బ్యాగులో పచ్చడి, నెయ్యి పెట్టి సెక్యూరిటీ దగ్గర బేరాలాడొద్దు. గాజు సీసా వద్దు. విమానం పైకి వెళ్లినప్పుడు లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది. సీసాలో మిగిలిన గాలి ఉబ్బి, పైన తేలిన నూనెని మూత సందుల్లోంచి బయటికి తోస్తుంది. అందుకే ఆవకాయ పట్టుచీరల మీద పడిన కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఇలా చేయండి: పైన తేలిన నూనె గరిటెతో తీసేసి ముక్క, గుజ్జు మాత్రమే ప్లాస్టిక్ డబ్బాలో అంచుదాకా నొక్కి నింపండి, గాలికి చోటుండకూడదు. మూతి మీద పలచటి ప్లాస్టిక్ కవర్ పరిచి దాని మీద మూత బిగించండి. మూత చుట్టూ టేపు. తర్వాత జిప్ కవర్లు రెండు, ఒకదాంట్లో ఒకటి. దాన్ని పాత లుంగీలో చుట్టి బ్యాగు మధ్యలో పెట్టండి, అంచుల్లో పెడితే బ్యాగు విసిరినప్పుడు దెబ్బ దానికే తగులుతుంది. నెయ్యి పేరుకున్నదే పోయండి, కరిగినది కాదు. నా మాట వింటే ఆవకాయ బదులు కందిపొడి, కరివేపాకు పొడి సర్దండి. వాటితో ఏ గొడవా లేదు.

సకినాలు మాత్రం చేతి బ్యాగులో. లగేజీలో వేస్తే కాశీలో దిగేసరికి సకినాల పిండి తినాల్సి వస్తుంది. స్టీలు డబ్బా వద్దు, ఎక్స్‌రేలో లోపలేముందో కనబడక తెరిచి చూపించమంటారు. గట్టి ప్లాస్టిక్ డబ్బా చాలు. పులిహోర, చపాతీలు కూడా లోపలికి రానిస్తారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఇంతమందికి చెప్పేవాణ్ణి, మా అమ్మ విషయంలో నేనే తప్పు చేశాను. ఆమె షుగర్, బీపీ బిళ్లలున్న సంచి ఆఖరి నిమిషంలో పెద్ద బ్యాగు పైజేబులో తోసేశాను, చేతులు ఖాళీగా ఉంటాయని. ఆ బ్యాగు మాతో రాలేదు. మర్నాడు సాయంత్రానికి వచ్చింది. రాత్రి పదకొండింటికి తెలియని ఊళ్లో, బిళ్ల పేరు సరిగ్గా గుర్తులేక, "తెల్లది, గుండ్రంగా, చిన్నగా ఉంటుంది" అని మందుల షాపువాడికి నాకొచ్చిన హిందీలో చెబుతూ నిలబడ్డాను. బిళ్లలన్నీ స్ట్రిప్‌లతో సహా, డాక్టర్ చీటీతో సహా, చేతి బ్యాగులోనే ఉండాలి. చీటీ ఫోటో ఫోన్‌లోనూ ఉండాలి. ఇన్సులిన్ వాడుతుంటే అది అసలు లగేజీలోకి పోకూడదు, కింద చలికి గడ్డకడితే పనికిరాదు. బంగారం కూడా ఒంటి మీదో, చేతి సంచిలోనో. ఇంకా చెప్పాలంటే ఆ సందుల్లో తిరగడానికి మంగళసూత్రం, ఒక జత గాజులు మించి ఎందుకు?

పవర్ బ్యాంకు లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. అందులోని లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషులున్న చోటైతే ఆర్పగలరు, కింద సామాన్ల గదిలో ఎవరుంటారు. 100 వాట్ అవర్ల దాకా అనుమతి అడగక్కర్లేదు. మామూలుగా ఇళ్లలో ఉండే 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే వస్తుంది.

బాబు సంగతి. వాడి వయసు రుజువుకి పుట్టిన సర్టిఫికెట్ కాపీ పెట్టుకోండి, కౌంటర్లో అడుగుతారు. పాలపొడి, ఫ్లాస్కులో నీళ్లు, సిరప్‌లు పిల్లాడి కోసమంటే సెక్యూరిటీలో రానిస్తారు, అడిగితే చూపించాలి అంతే. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు చెవిలోపలి గాలి సర్దుకోక పిల్లలు గుక్కపెడతారు. మింగుతూ ఉంటే చెవికీ గొంతుకీ మధ్య గొట్టం తెరుచుకుని సర్దుకుంటుంది. అందుకని వాడి పాలు ఆ రెండు సమయాలకి దాచండి. ఎక్కగానే ఏడుస్తున్నాడని తాగించేస్తే దిగేటప్పటికి కడుపు నిండి ఉంటాడు. దిగడానికి అరగంట ముందునుంచే కిందికి రావడం మొదలవుతుంది, చెవులు పట్టేసేది అప్పుడే. పాపకి చప్పరించే బిళ్ల ఇవ్వండి, చాలు. ఇద్దరిలో ఎవరికైనా గట్టిగా జలుబు, చెవిపోటు ఉంటే ముందే డాక్టర్‌కి చూపించండి.

తోపుడు బండి తీసుకెళ్లనా అని అడిగారు. వద్దు. ఎయిర్‌లైన్స్‌కి అభ్యంతరం లేదు, కాశీకి ఉంది! బాబుని ఒంటికి కట్టుకునే బట్ట క్యారియర్ ఒకటి కొనండి, మెట్ల దగ్గర మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

అమ్మగారికి వీల్‌చెయిర్ ఇప్పుడే, ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి రాయించండి, కనీసం 48 గంటల ముందు. "నేనేం రోగినా" అని ఆవిడ అంటారు. మా దగ్గర అందరూ అంటారు. శంషాబాద్‌లో గేటు దాకా నడక తక్కువేం కాదు, ఆ మోకాళ్లని కాశీ మెట్లకి దాచుకోమనండి.

కాగితాలు. టికెట్ మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఇవాళే చూడండి. మనవాళ్లకి ఇంటిపేరు ముందు, పిలిచే పేరు వేరు, ఆధార్‌లో పేరు ఇంకొకటి. ఇంటిపేరు ముందూ వెనకా అయితే ఇబ్బంది రాదు. కానీ "లక్ష్మి" అని టికెట్, "వరలక్ష్మమ్మ" అని ఆధార్ ఉంటే గేటు దగ్గర ఆపుతారు. ఇప్పుడు ఫోన్ చేస్తే చిన్న సవరణలు చేస్తారు. పెద్దవాళ్ల అసలు కార్డులు మీ దగ్గర ఒకే కవర్‌లో పెట్టుకోండి. తల్లిదండ్రులతో వెళ్లే పాపకి వేరే గుర్తింపు కార్డు అక్కర్లేదు, అయినా ఆధార్ ఉంటే పెట్టుకోండి. డిజి యాత్ర (ముఖం చూసి గేట్లు దాటించే ఫోన్ యాప్) కోసం నాన్నగారి ఫోన్‌తో కుస్తీ పట్టకండి. అది తప్పనిసరి కాదు, అందరూ ఒకే లైన్లో వెళ్లడమే మేలు. సీట్లు వెబ్ చెక్-ఇన్‌లో ముందే చేసుకోండి. 12 ఏళ్లలోపు పిల్లల్ని అమ్మానాన్నల్లో ఒకరి పక్కనైనా కూర్చోబెట్టాలని విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2024లోనే చెప్పింది, పాపని విడదీస్తే అది గుర్తుచేయండి.

బట్టల దగ్గర మన ఖమ్మం లెక్క పనిచేయదు. జనవరిలో కాశీలో తెల్లవారుజామున పది డిగ్రీలకి దిగువకీ పోతుంది, పొద్దున గంగ మీద గాలి వేరు. ఒక లావు స్వెటర్ కన్నా పలచటివి రెండు మూడు పొరలు మేలు. మంకీ టోపీ, సాక్సులు పెద్దవాళ్లకి తప్పనిసరి. లావైనవన్నీ ఒంటి మీద వేసుకుని విమానం ఎక్కండి, ఒంటి మీద ఉన్నది ఎవరూ తూయరు. పైగా లోపల ఏసీ చల్లగానే ఉంటుంది.

గంగ స్నానానికి పాత వాయిల్ చీర, పంచె ఒక్కోటి. టర్కీ టవల్స్ తీసేయండి, మన నేత తువ్వాళ్లు సర్దండి. ఎండ సరిగ్గా రాని ఆ చలిలో టర్కీ టవల్ మూడు రోజులైనా ఆరదు. మీరు వచ్చేది తడి బట్టలతోనే, తడి చీర ఎంత బరువుంటుందో పిండి చూస్తే తెలుస్తుంది. మందపాటి పాలిథీన్ కవర్లు నాలుగు అడుగున పడేయండి. విశ్వనాథుడి గుళ్లోకి ఫోన్లు, బ్యాగులు రానివ్వరు, బయట లాకర్లో పెట్టాలి. డబ్బులు, బిళ్లలు పట్టేంత చిన్న గుడ్డ సంచి అమ్మగారి నడుముకి ఉంటే చాలు.

కాశీలో కాయో పండో వదిలి రావడం మన ఆచారం. నేనైతే నాలుగు చీరలు ఖమ్మంలోనే వదలమంటాను.

ఇక మంచు. ఆ నెలలో కాశీలో పొగమంచు వల్ల విమానాలు గంటల కొద్దీ ఆలస్యం కావడం మామూలే, ముఖ్యంగా పొద్దున పూట. మీ టికెట్ ఉదయం 7 గంటలదైతే, మార్చే వీలుంటే మధ్యాహ్నానికి మార్చండి. వీల్లేకపోతే చేతి బ్యాగు ఒక రాత్రికి సరిపడేలా సర్దండి: అందరికీ ఒక జత లోదుస్తులు, బాబుకి రెండు జతలు, మీరనుకున్నదానికి రెట్టింపు డైపర్లు, ఒక పూట తిండి, ఒక దుప్పటి, ఛార్జర్. రెండు గంటల ప్రయాణానికి ఇదంతా ఏంటి అని నాన్నగారు అంటారు, అననివ్వండి. ఇలాంటి చిన్న ప్రయాణాల్లో రెండు గంటలు దాటి ఆలస్యమైతే ఎయిర్‌లైన్స్ తినడానికి ఇవ్వాలి, మొహమాటపడకుండా కౌంటర్లో అడగండి.

బయల్దేరే రోజు టైము కూడా వెనక నుంచే లెక్కేయండి. మధ్యాహ్నం 12కి విమానం అనుకుందాం. బ్యాగులు తీసుకునే కౌంటర్ గంట ముందు, 11కి మూసేస్తారు. బాబు, వీల్‌చెయిర్ ఉన్నారు కాబట్టి మీరు తొమ్మిదిన్నరకి శంషాబాద్‌లో ఉండాలి. ఖమ్మం నుంచి 200 కిలోమీటర్ల పైనే, దారిలో టిఫిను, బాబు వాంతి, ఔటర్ రింగ్ రోడ్డు. నాలుగున్నరకి కారు కదలాలి. సాగనంపడానికి మేనమామలు రెండో కారులో వస్తామంటే ఇంటి దగ్గరే దణ్ణం పెట్టించుకోండి, టికెట్ లేనివాళ్లని లోపలికి రానివ్వరు.

వచ్చేటప్పుడు బరువు పెరగకుండా ఉండదు. బనారస్ చీర ఒకటి, రుద్రాక్షలు, కాలభైరవుడి కాశీదారాలు బరువు కాదు. బరువంతా గంగ చెంబుల్లో. ఊళ్లో అందరికీ పంచాలని ముప్పై చెంబులు కొంటారు. మూత గట్టిగా మాటు వేసినవే కొనండి, కొట్టువాడి ముందే తలకిందులు చేసి కాసేపు పట్టుకోండి, చుక్క కారితే మార్చమనండి. ఒక్కోటీ కవర్లో కట్టి, తడి బట్టల బ్యాగులోనే మధ్యలో పేర్చి లగేజీలో ఇచ్చేయండి, చేతి బ్యాగులో వద్దు. అందుకే మూడు బ్యాగులు పది పదకొండు కిలోలు దాటొద్దన్నది. ఖమ్మంలో కాశీ సమారాధన పెట్టుకునేటప్పటికి చెంబుల్లో నీళ్లు ఉండాలి కదా.

వీల్‌చెయిర్ రాయించేటప్పుడు ఇబ్బంది వస్తే ఇక్కడే రాయండి, ఏ ఎయిర్‌లైన్స్ అన్నది చెబితే ఎలా అడగాలో చెబుతాను.